ఉప్పునీటి అక్వేరియంలో తెల్ల మచ్చల జబ్బు: చేపకు చికిత్స, ట్యాంకుకు విరామం

"చేప ఒంటి మీద తెల్ల మచ్చలు వచ్చాయి, ఏ మందు వేయాలి?" అనే ప్రశ్న విశాఖపట్నంలో మెరైన్ ట్యాంకు పెట్టుకున్నవారి నుంచి ఏడాది పొడవునా వస్తూనే ఉంటుంది. వారం తిరిగేసరికి "మచ్చలు పోయాయి, మందు బాగా పనిచేసింది" అని అదే మనిషి చెప్పడం, ఆ తరువాత కొద్ది రోజులకు "మళ్లీ వచ్చాయి, ఈసారి రెండు చేపలు చనిపోయాయి" అనడం కూడా అంతే మామూలు. మచ్చలు రాలిపోవడాన్ని జబ్బు నయం కావడంగా పొరబడడమే ఇందుకు కారణం. మచ్చ రాలిందంటే పరాన్నజీవి చచ్చిందని కాదు, అది సంతానాన్ని కనడానికి అడుగుకు దిగిందని అర్థం. అందువల్ల చేపను వేరే చోటికి మార్చి చికిత్స చేయడం, అసలు ట్యాంకును చేపలు లేకుండా ఖాళీగా ఉంచడం అనే రెండు పనులూ ఒకేసారి మొదలుపెట్టాలి. ఒకటి చేసి రెండోది వదిలేస్తే ఖర్చూ శ్రమా రెండూ వృథా అవుతాయి.

ముందుగా ఏ జబ్బో తేల్చుకోండి

మందు కొనడానికి ముందు అరగంట సేపు చేపను చూడండి. తెల్లవారుజామున, ట్యాంకు దీపాలు వెలిగించకముందు, టార్చిని పక్క నుంచి ఏటవాలుగా చేప ఒంటి మీదికి వేసి చూస్తే పగలు కనపడనివి కూడా కనపడతాయి.

తెల్ల మచ్చల జబ్బులో మచ్చలు ఉప్పురవ్వ అంత ఉంటాయి, ఒక్కొక్కటి విడిగా ఉండి లెక్కపెట్టడానికి వీలవుతాయి. పారదర్శకంగా ఉండే వాజాల (ఈత రెక్కల) మీద మొదట కనపడతాయి. చేప రాళ్లకు ఒళ్లు రుద్దుకుంటుంది, కానీ సాధారణంగా మొదటి విడతలో తిండి మానదు.

వెల్వెట్ అనే జబ్బు దీనికంటే చాలా ప్రమాదకరమైనది. ఇందులో మచ్చలు లెక్కకు అందవు. టార్చి వెలుగులో ఒళ్లంతా సన్నని లేత పసుపు ధూళి పట్టినట్టు మెరుస్తుంది. చాలాసార్లు ఆ ధూళి కనపడకముందే పరాన్నజీవి మొప్పలను పట్టేస్తుంది కాబట్టి ఊపిరి వేగంగా తీయడం, వెలుతురుకు దూరంగా జరగడం, పవర్ హెడ్ (ట్యాంకులో నీటిని తిప్పే మోటారు) నుంచి వచ్చే ప్రవాహానికి ఎదురుగా ముఖం పెట్టి కదలకుండా నిలబడడం, తిండి పూర్తిగా మానేయడం అనే లక్షణాలనే ఆధారంగా తీసుకోవాలి. ఇటువంటి చేపకు రెండు మూడు రోజులకు మించి గడువు ఉండకపోవచ్చు, కనుక అదే రోజు చికిత్స మొదలుపెట్టాలి.

కొత్తగా తెచ్చిన క్లౌన్ ఫిష్ ఒంటి మీద జిగురు పొరలు పొరలుగా ఊడుతూ ఉంటే అది బ్రూక్లినెల్లా అనే మరో పరాన్నజీవి అయి ఉండవచ్చు. దానికి రాగి మందు పనిచేయదు, ఫార్మలిన్ స్నానం కావాలి. కళ్లు మసకబారడం, తల విదిలించడం, నోరు పదేపదే తెరవడం కనపడితే ఫ్లూక్స్ అనే చదునైన పురుగులను అనుమానించండి. వాజాల అంచున గడ్డలాగా పెరిగి, వారాల తరబడి అదే చోట ఉండేది లింఫోసిస్టిస్ అనే వైరస్ వల్ల వచ్చేది. దానికి ఏ మందూ వేయకండి, మంచి తిండి, మంచి నీరు ఉంటే చాలావరకు అదే తగ్గుతుంది.

తెల్ల మచ్చా, వెల్వెట్టా అని తేల్చుకోలేకపోతే వెల్వెట్ అనుకునే ముందుకు వెళ్లండి. ఆ చికిత్స తెల్ల మచ్చకు కూడా సరిపోతుంది. రెండోవైపు పొరబడితే చేప దక్కదు.

తెలుసుకోవలసిన సిద్ధాంతం ఇంతే

తెల్ల మచ్చకు కారణమైన క్రిప్టోకారియాన్ ఇరిటాన్స్ అనే ఏకకణ జీవి చేప చర్మం కింద మూడు నుంచి ఏడు రోజులు ఉండి, ఎక్కువగా చీకటి వేళల్లో చేపను వదిలి, ఇసుక మీదో రాతి మీదో గాజు మీదో గట్టి గుల్ల కట్టుకుంటుంది. ఆ గుల్ల సాధారణంగా మూడు నుంచి ఇరవై ఎనిమిది రోజుల లోపు పగిలి వందల పిల్లలను వదులుతుంది. ప్రయోగశాలలో 72 రోజుల వరకు ఆగి పగిలినవి కూడా నమోదయ్యాయి. బయటికి వచ్చిన పిల్లలు ఒకటి రెండు రోజుల్లో చేపను పట్టుకోలేకపోతే చచ్చిపోతాయి. మందు తగిలేది ఈ ఈదే దశకు మాత్రమే. చర్మం కింద ఉన్నప్పుడు గానీ గుల్లలో ఉన్నప్పుడు గానీ రాగి దాన్ని ఏమీ చేయలేదు. మీరు కింద చదివే గడువులన్నీ ఈ లెక్క నుంచి వచ్చినవే.

కావలసినవి

మందుల కంటే ముందు సామాను సమకూర్చుకోండి. చేప జబ్బుపడిన రాత్రి దుకాణం తెరిచి ఉండదు.

- 50 నుంచి 60 లీటర్లు పట్టే మూతగల ప్లాస్టిక్ టబ్బులు రెండు, లేదా అడుగున ఇసుక లేని గాజు ట్యాంకు ఒకటి. గతంలో రంగులు, సబ్బులు, పురుగుమందులు పట్టినవి పనికిరావు.
- రెండు ఎయిర్ పంపులు, రెండేసి ఎయిర్ స్టోన్లు, వేరు వేరు గొట్టాలు. వీటిలో ఒక పంపు బ్యాటరీతో నడిచేదైతే మంచిది.
- చేప దాక్కోవడానికి పీవీసీ పైపు ముక్కలు. లైవ్ రాక్ (సూక్ష్మజీవులు పట్టిన సముద్రపు రాయి), గవ్వలు, పగడపు ముక్కలు పెట్టకండి, అవి రాగిని పీల్చుకుంటాయి.
- ఉప్పదనాన్ని కొలిచే రిఫ్రాక్టోమీటర్, దాన్ని సరిచూసే 35 పీపీటీ (వెయ్యికి 35 వంతుల ఉప్పు) ద్రావణం, థర్మామీటర్.
- అమ్మోనియా టెస్ట్ కిట్. రాగి వాడదలిస్తే రాగి టెస్ట్ కిట్ తప్పనిసరి.
- మెరైన్ సాల్ట్ మిక్స్ పది పన్నెండు కిలోలు, ఆర్వో నీరు.
- చేపను పట్టడానికి వల బదులు వెడల్పాటి ప్లాస్టిక్ జల్లెడ గిన్నె. టాంగ్ చేపల తోక దగ్గరి ముల్లు వలలో చిక్కుకుని గాయమవుతుంది.

నీటి విషయంలో విశాఖవాసులకు కొన్ని మాటలు

సముద్రం పక్కనే ఉండగా ఉప్పు ఎందుకు కొనాలని చాలామంది అడుగుతారు. అసలు ట్యాంకుకు వాడుకుంటున్నవారు ఉన్నారు, వాదించను. కానీ చికిత్స టబ్బుకు తీరపు నీరు వద్దనే చెబుతాను. మొదటి కారణం, ఆ నీటిలోనే పరాన్నజీవులు ఉండవచ్చు. రెండో కారణం, ఫిషింగ్ హార్బరు, ఓడరేవు పరిసరాల నీటిలో నూనెతో పాటు పడవల అడుగుకు పూసే రంగుల నుంచి కరిగిన రాగి కూడా ఉంటుంది. మీరు వేసే మోతాదు లెక్క అక్కడే తప్పుతుంది. మూడోది, వానల చివరి నుంచి డిసెంబరు దాకా నదుల మంచినీరు కలవడం వల్ల మన తీరపు నీటి ఉప్పదనం వేసవితో పోలిస్తే బాగా తగ్గుతుంది, కనుక నిన్న తెచ్చిన నీరూ నెల కిందట తెచ్చిన నీరూ ఒకటి కావు. రొయ్యల హ్యాచరీలవారు సముద్రపు నీటిని వడపోసి, క్లోరిన్ పట్టి, ఆ క్లోరిన్ విరిగిన తరువాతే వాడడం ఊరికే కాదు. మీకు వేరే దారి లేకపోతే మీరూ అదే చేయాలి: వడపోయండి, క్లోరిన్ పట్టి ఒక రోజు గాలి కొట్టండి, హైపో (సోడియం థయోసల్ఫేట్) వేసి విరిచి, క్లోరిన్ టెస్టులో సున్నా వచ్చాకే వాడండి.

కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది, బోరు నీటిలో ఏముందో పరీక్షిస్తే గానీ తెలియదు. ఆర్వో నీరే వాడండి.

రెండో సమస్య వేడి. ఏప్రిల్, మే నెలల్లో ఏసీ లేని గదిలోని ట్యాంకు నీరు 30 డిగ్రీలు దాటడం ఇక్కడ అతి మామూలు. వేడి నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది, మొప్పలు దెబ్బతిన్న చేపకు అదే ప్రాణాంతకం. పైగా వేడికి పరాన్నజీవి చక్రం కూడా వేగంగా తిరుగుతుంది. నీటి మీదికి ఫ్యాను పెట్టే ఉపాయం పొడి గాలి ఉన్న ఊళ్లలో బాగా పనిచేస్తుంది గానీ ఇక్కడి తేమలో ఒకటి రెండు డిగ్రీలకు మించి దించకపోవచ్చు. ఆవిరైన మేరకు ప్రతిరోజూ ఆర్వో నీరు పోయకపోతే ఉప్పదనం పెరిగిపోతుంది. చికిత్స జరిగినన్నాళ్లు టబ్బును ఏసీ గదిలో ఉంచి, నీటిని 26, 27 డిగ్రీల దగ్గర నిలపగలిగితే సగం బెంగ తీరుతుంది.

ఏ దారి ఎంచుకోవాలి

తెల్ల మచ్చ అని ఖాయంగా తెలిసి, చేప తింటూ తిరుగుతూ ఉంటే, నా సలహా టబ్బు మార్పిడి పద్ధతి. దానికి మందు అక్కరలేదు, రాగి టెస్ట్ కిట్ అక్కరలేదు, మాండరిన్ వంటి రాగి పడని చేపలకూ చేయవచ్చు, పదమూడో రోజుకు ముగుస్తుంది. మన ఊళ్లో నమ్మదగిన రాగి టెస్ట్ కిట్ కావలసినప్పుడు దొరకకపోవడం కూడా ఈ సలహాకు ఒక కారణం. వెల్వెట్ అయినా, అనుమానంగా ఉన్నా, చేపలు చాలా ఎక్కువగా ఉన్నా రాగి చికిత్స చేయండి. టబ్బు మార్పిడి వెల్వెట్‌ను వదిలించదు.

మొదటి పద్ధతి: టబ్బు మార్పిడి

ఇందులోని కిటుకు చాలా సులువైనది. చేప నుంచి రాలిన పరాన్నజీవి గుల్ల కట్టి పగలడానికి కనీసం మూడు రోజులు పడుతుంది కాబట్టి, అది పగలకముందే చేపను అక్కడి నుంచి తీసేస్తే పిల్లలకు చేప దొరకదు. ఏడు రోజుల లోపు చేప మీద ఉన్నవన్నీ రాలిపోతాయి, తిరిగి పట్టేవి ఉండవు.

1. ముందు రోజే మొదటి టబ్బులో నీరు కలిపి, గాలి కొడుతూ ఉంచండి. 50 లీటర్లకు సుమారు రెండు కిలోల సాల్ట్ మిక్స్ పడుతుంది. సాంద్రత (ఉప్పదనాన్ని తెలిపే కొలత), వేడి అసలు ట్యాంకుతో సరిపోవాలి. సరిపోతే చేపను గంటల తరబడి అలవాటు చేయనక్కరలేదు.

2. మొదటి రోజు ఉదయం అసలు ట్యాంకులోని చేపలన్నిటినీ పట్టి టబ్బులోకి మార్చండి. మచ్చలు లేని చేపను వదిలేయకండి. దాని మొప్పల్లో ఏముందో మీకు కనపడదు.

3. నాలుగో రోజు ఉదయం, అంటే 72 గంటలు నిండకముందే, కొత్త నీటితో సిద్ధం చేసిన రెండో టబ్బులోకి మార్చండి. రెండు మూడు గంటలు ముందైతే మేలే, ఆలస్యం మాత్రం కాకూడదు. జల్లెడ గిన్నెతో పట్టి, నీరు కారిపోనిచ్చి, చేపను మాత్రమే దించండి. పాత నీరు ఒక్క గ్లాసు కూడా కొత్త టబ్బులోకి రాకూడదు.

4. పాత నీటిని పారబోసి, టబ్బు, పైపు ముక్కలు, ఎయిర్ గొట్టం, హీటరు, జల్లెడ అన్నిటినీ క్లోరిన్ నీటితో కడిగి, మంచినీటితో తొలిచి, పూర్తిగా ఆరబెట్టండి. ఎయిర్ స్టోన్ రంధ్రాల్లో తడి నిలిచిపోతుంది, కనుక ప్రతిసారీ కొత్తది వేయడమే తేలిక. వానాకాలంలో మన ఊళ్లో బట్టలే ఆరవు. నీడలో పెట్టి ఆరిందనుకోకుండా, పొడి గుడ్డతో తుడిచి, ఫ్యాను కింద ఒక రోజు ఉంచండి.

5. ఏడో రోజు, పదో రోజు ఇదే విధంగా మార్చండి. పదమూడో రోజు చివరి మార్పిడి. అది ఎన్నడూ జబ్బు చేప ఉండని శుభ్రమైన క్వారంటైన్ ట్యాంకులోకి జరగాలి.

6. రెండు టబ్బుల మధ్య వీలైతే మూడు మీటర్ల దూరం ఉంచండి. ఎయిర్ స్టోన్ నుంచి ఎగిరే తుంపరలతో కూడా జబ్బు ఒక దాని నుంచి మరొక దానిలోకి చేరవచ్చు.

ఈ టబ్బుల్లో బ్యాక్టీరియా ఫిల్టర్ ఉండదు కాబట్టి అమ్మోనియా పెరుగుతుంది. కొద్దికొద్దిగా తినిపించి, మిగిలిన తిండిని పది నిమిషాల్లో తీసేయండి. రోజూ పరీక్షించి, అవసరమైతే అమ్మోనియాను కట్టేసే కండిషనరు వాడండి; ఇక్కడ రాగి లేదు కనుక దానితో ఇబ్బంది లేదు.

రెండో పద్ధతి: రాగి చికిత్స

రాగి విషమే, చేప తట్టుకునే మేరకు, పరాన్నజీవి తట్టుకోలేని మేరకు మోతాదును నిలపడమే ఇక్కడి పనంతా. తక్కువైతే ఉపయోగం లేదు, ఎక్కువైతే చేప చస్తుంది. దీన్ని అసలు ట్యాంకులో ఎప్పుడూ వేయకండి. రొయ్యలు, నత్తలు, ఎనిమోన్లు అన్నీ చనిపోతాయి. రాళ్లూ ఇసుకా రాగిని పట్టేసుకుంటాయి.

1. ట్యాంకులో నిజంగా ఎన్ని లీటర్ల నీరు ఉందో కొలవండి. 24×12×15 అంగుళాల ట్యాంకు లెక్క ప్రకారం దాదాపు 70 లీటర్లు. పైన రెండు అంగుళాలు వదిలితే ఉండేది 61 లీటర్లే. 70కి లెక్కగట్టి మందు వేస్తే మోతాదు దాదాపు ఏడో వంతు పెరిగిపోతుంది. బకెట్టుతో కొలిచి పోస్తూ గాజు మీద గీత పెట్టుకోవడం అన్నిటికంటే మంచిది.

2. ఫిల్టర్ నుంచి కార్బన్ తీసేయండి, యూవీ దీపం ఆపేయండి. స్పాంజ్ ఫిల్టర్, ఎయిర్ స్టోన్ ఉంటే చాలు.

3. మీరు వాడే రాగి ఏ రకమో తెలుసుకోండి. కీలేటెడ్ రకాలు (రాగిని మరో పదార్థంతో కట్టి ఉంచినవి), ఉదాహరణకు కాపర్ పవర్, లీటరుకు 2.0 నుంచి 2.5 మిల్లీగ్రాముల దగ్గర ఉండాలి. క్యూప్రమైన్ అనే మందు 0.5 దగ్గర. మైలుతుత్తంతో చేసుకునే అయానిక్ రాగి 0.15 నుంచి 0.20 మధ్య. ఒకదాని అంకెను మరొకదానికి వాడితే చేపలు గంటల్లో చనిపోవచ్చు, లేదా మందు పనిచేయకపోవచ్చు.

4. మైలుతుత్తం వాడదలచుకుంటే పురుగుమందుల దుకాణంలో దొరికే పొడిని వాడకండి, అందులో మరే లోహాలు ఉన్నాయో తెలియదు. ల్యాబు రసాయనాలు అమ్మే చోట కాపర్ సల్ఫేట్ పెంటాహైడ్రేట్ కొని, 3.93 గ్రాములు తూచి, ఒక లీటరు ఆర్వో నీటిలో కరిగించండి. ఈ ద్రావణం ఒక్కో మిల్లీలీటరులో ఒక మిల్లీగ్రాము రాగి ఉంటుంది. 61 లీటర్ల నీటికి 0.20 రావాలంటే సుమారు 12 మిల్లీలీటర్లు పడుతుంది. సీసా మీద పెద్ద అక్షరాలతో విషం అని రాసి, పిల్లలకు అందని చోట పెట్టండి.

5. మొత్తం మోతాదు ఒకేసారి వేయకండి. నాలుగు భాగాలు చేసి రెండు రోజుల్లో వేస్తూ, ప్రతిసారీ కలిశాక పరీక్షించండి. వెల్వెట్ అయితే ఇంత నిదానం కుదరదు, ఒక రోజులోనే చికిత్స స్థాయికి చేర్చాలి. అంతకుముందు కింద చెప్పిన మంచినీటి స్నానం ఒకసారి చేయిస్తే చేపకు కొంత ఊపిరి తిరుగుతుంది.

6. రోజుకు ఒకసారి, అయానిక్ రాగికైతే రెండుసార్లు, స్థాయిని పరీక్షించి రాసుకోండి. చికిత్స స్థాయికి చేరిన రోజు నుంచి 30 రోజులు లెక్కపెట్టండి. మధ్యలో ఒక్కరోజు స్థాయి పడిపోయినా లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది. ఈ మాట కఠినంగా అనిపించవచ్చు గానీ రాగి చికిత్స విఫలమయ్యేది ఎక్కువగా ఇక్కడే.

7. నీరు మార్చేటప్పుడు కొత్త నీటిలో అదే స్థాయిలో రాగి కలిపి పోయండి.

8. అమ్మోనియాను కట్టేసే కండిషనర్లను రాగితో కలిపి వాడకండి. వాటిలో చాలావరకు రాగిని మరింత విషపూరితమైన రూపంలోకి మారుస్తాయి. ముందుగానే అసలు ట్యాంకు సంపులో (ఫిల్టర్ సామాను ఉండే కింది తొట్టిలో) స్పాంజ్ వేసి బ్యాక్టీరియా పట్టించి పెట్టుకోవడం ఒక ఉపాయమే, కానీ జబ్బు వచ్చాక ఆ స్పాంజ్ మీదే గుల్లలు ఉంటాయి. రాగి చికిత్సలో ఇది పెద్ద దోషం కాదు, టబ్బు మార్పిడిలో మాత్రం అస్సలు పనికిరాదు.

చేప తిండి మానేసి, పక్కకు ఒరిగిపోతూ ఉంటే మొదట అమ్మోనియా చూడండి, తరువాత రాగి స్థాయి చూడండి. ఎక్కువగా ఉంటే రాగి లేని నీటితో కొంత మార్చి దించండి. మాండరిన్లు, కొన్ని మరుగుజ్జు ఏంజెల్ చేపలు, కొన్ని రాస్ చేపలు రాగిని బాగా తట్టుకోవు. వాటికి స్థాయిని మరింత నిదానంగా పెంచాలి, వీలైతే మొదటి పద్ధతే వాడాలి.

మూడో దారిగా ఉప్పదనాన్ని సాంద్రత లెక్కలో 1.009కి దించి నెల రోజులు నిలపడం చాలామంది విని ఉంటారు. తెల్ల మచ్చ మీద అది పనిచేస్తుంది, వెల్వెట్ మీద పనిచేయదు. తక్కువ ఉప్పదనాన్ని తట్టుకునే రకాల పరాన్నజీవులు కూడా ఉన్నట్టు తేలింది. రిఫ్రాక్టోమీటర్ కాస్త తప్పు చూపినా, 1.011 దగ్గర నెల రోజులు గడిచి ఏమీ జరగకుండా పోతుంది. దించడం రెండు రోజుల్లో చేయవచ్చు గానీ తిరిగి పెంచేటప్పుడు రోజుకు 0.002కు మించకూడదు. ఇతర దారులు లేనప్పుడే దీన్ని ఆలోచించండి.

మంచినీటి స్నానం

ఇది చికిత్స కాదు. ఊరటకూ పరీక్షకూ మాత్రమే. ఆర్వో నీటిని చేప ఉన్న నీటి వేడికి తెచ్చి, చిటికెడు చిటికెడుగా వంటసోడా వేస్తూ పీహెచ్ సరిచేసి, గంట సేపు గాలి కొట్టండి. నల్లని గిన్నెలో చేస్తే పరీక్ష తేలిక. చేపను దించి, కళ్లు తిప్పకుండా చూస్తూ ఐదు నిమిషాల లోపు తీసేయండి. మొదటి అరనిమిషం చేప ఎగిరి పడవచ్చు; పక్కకు పడి మొప్పలు ఆడించడం మానితే వెంటనే తీయాలి. ఫ్లూక్స్ ఉంటే అంతకుముందు గాజులా కనపడకుండా ఉన్నవి రెండు మూడు నిమిషాల్లో పాలలాగా తెల్లబడి, నువ్వుగింజల సైజులో రాలి గిన్నె అడుగున నల్లని రంగు మీద స్పష్టంగా కనపడతాయి. అలా కనపడితే క్వారంటైన్ ట్యాంకులో ప్రాజిక్వాంటెల్ లీటరుకు 2.5 మిల్లీగ్రాముల చొప్పున వేసి, వారం లోపు మరోసారి వేయాలి, ఎందుకంటే ఆ మందు గుడ్లను చంపదు. పొడి నీటిలో అంత తేలికగా కరగదు. బాగా కలియబెట్టి పోయండి, ఎయిర్ స్టోన్ పెంచండి.

బ్రూక్లినెల్లాకు ఫార్మలిన్ స్నానం చేయించవలసి వస్తే పది లీటర్ల నీటికి 37 శాతం ఫార్మలిన్ ఒకటిన్నర మిల్లీలీటర్లు, గట్టిగా గాలి కొడుతూ 45 నిమిషాలు. ఫార్మలిన్ క్యాన్సర్ కారకం. చేతి తొడుగులు వేసుకుని, తలుపులు తెరిచిన చోటే చేయండి. సీసా అడుగున తెల్లని మడ్డి దిగి ఉంటే దాన్ని వాడకండి. చేప అస్థిమితపడితే సమయం చూడకుండా తీసేయండి.

అసలు ట్యాంకును ఖాళీగా ఉంచడం

చేపలన్నీ బయటికి వచ్చిన రోజును క్యాలెండరులో గుర్తు పెట్టి, అక్కడి నుంచి 76 రోజులు ఒక్క చేప కూడా లేకుండా ఉంచండి. 72 రోజుల రికార్డుకు మరో నాలుగు రోజులు జాగ్రత్త కోసం. రొయ్యలు, నత్తలు, పీతలు, ఎనిమోన్లు ఉండవచ్చు. అవి ఈ పరాన్నజీవికి ఆశ్రయం ఇవ్వవు, కానీ వాటి పెంకుల మీద పరాన్నజీవి గుల్లలు అంటుకుని ఉండవచ్చు, కనుక వాటిని ఈ గడువులో మరో ట్యాంకుకు మార్చకండి. ఫిల్టర్ బ్యాక్టీరియా ఆకలికి చావకుండా రెండు రోజులకొకసారి చిటికెడు తిండి వేస్తూ ఉండండి. పవర్ హెడ్లు, స్కిమ్మర్ (నురగతో మలినాలు తీసే పరికరం) మామూలుగా నడవాలి. ఈ 76 రోజుల్లో "ఈ ఒక్క డామ్సెల్ దొరకడం లేదు, వదిలేస్తాను" అనుకుంటే గడువు మొత్తం వృథా. రాళ్లన్నీ తీసయినా దాన్ని పట్టండి.

తరచుగా జరిగే పొరపాట్లు

వెల్లుల్లి రసం కలిపిన తిండి, అల్లం రసం, రీఫ్‌కు (ట్యాంకులోని పగడాలకు) హాని చేయవని అమ్మే సీసా మందులు జబ్బును నయం చేయవు. అవి వేసిన వారంలో మచ్చలు రాలిపోతాయి, వేయకపోయినా రాలిపోయేవే. చేపల ఒంటి మీది పురుగులను తినే క్లీనర్ ష్రింప్, క్లీనర్ రాస్ ఉంటే జబ్బు రాదన్నది కూడా అంతే. యూవీ దీపం నీటిలో ఈదే పిల్లలను కొన్నిటిని చంపుతుంది, మిగిలినవి చేపను చేరుతూనే ఉంటాయి.

ఒకే జల్లెడ, ఒకే బకెట్టు, ఒకే తడి చెయ్యి రెండు ట్యాంకుల్లో పెట్టడం ఇంకో పొరపాటు. వారాలుగా కష్టపడినదంతా ఒక తడి గొట్టం పాడుచేస్తుంది. చికిత్స ట్యాంకు సామాను మీద ఎర్ర టేపు అంటించి వేరుగా ఉంచండి. రోజూ ముందు అసలు ట్యాంకు పని చూసుకుని, ఆ తరువాతే చికిత్స ట్యాంకు ముట్టుకోండి.

రాగితో పాటు మరో రెండు మందులు కలిపి వేసేవారు ఉన్నారు. ఒక్కొక్కటే చేయండి. మలేరియా మందు క్లోరోక్విన్ గురించి కూడా అడుగుతారు. మందుల షాపు మాత్రల్లో పిండి పదార్థాలు, పూతలు ఉంటాయి, మోతాదు తేల్చడం కష్టం, డాక్టరు చీటీ లేకుండా కొనదగినది కూడా కాదు.

విద్యుత్తు సంగతి మరవకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నగరంలో చాలాచోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. అంత పెద్ద ఆపద కాకపోయినా, వేసవి రాత్రి రెండు గంటల కోత చాలు, చేపలు కిక్కిరిసిన టబ్బులో గాలి ఆడక చనిపోవడానికి. బ్యాటరీ పంపును టబ్బు పక్కనే ఉంచి, నెలకొకసారి పనిచేస్తున్నదో లేదో చూడండి. ఇన్వర్టరు ఉంటే దాని సాకెట్‌కు ఎయిర్ పంపు మాత్రమే తగిలించండి, హీటరు కాదు.

నయమైందని ఎలా తెలుసుకోవాలి

చికిత్స ముగిసిన రోజును నయమైన రోజుగా లెక్కించకండి. రాగి వాడి ఉంటే నీరు మారుస్తూ, కార్బన్ వేసి రాగిని పూర్తిగా తీసేశాక, ఏ మందూ లేని నీటిలో చేపను రెండు వారాలు ఉంచండి. ఈ రెండు వారాల్లో ఈ కిందివి రాసుకోండి.

మొదటిది ఊపిరి. చేప ప్రశాంతంగా ఉన్నప్పుడు అరనిమిషంలో మొప్పలు ఎన్నిసార్లు తెరుచుకున్నాయో లెక్కపెట్టి రెట్టింపు చేయండి. జాతిని బట్టి ఇది మారుతుంది, కనుక వేరొకరి చేపతో పోల్చకుండా మీ చేప మామూలు అంకెతోనే పోల్చండి. మచ్చలు కనపడకుండా మొప్పల్లోనే మిగిలిన జబ్బు ఈ అంకెలోనే మొదట బయటపడుతుంది.

రెండోది తెల్లవారుజాము టార్చి పరీక్ష, రోజు విడిచి రోజు. ఒకటి రెండు చుక్కలు కనపడితే కంగారు పడకుండా ఫోనుతో ఫొటో తీసి, ఇరవై నాలుగు గంటల తరువాత అదే చోట చూడండి. ఇసుక రేణువో గాలి బుడగో అయితే అప్పటికే పోతుంది. తెల్ల మచ్చ అయితే అదే చోట ఉంటుంది, మరో రోజు రెండు రోజుల్లో పక్కన మరికొన్ని వస్తాయి. అప్పుడు ఆలోచించకుండా మొదటి రోజు నుంచి మళ్లీ ప్రారంభించండి.

మూడోది చివర్లో ఒక మంచినీటి స్నానం. గిన్నె అడుగున ఏమీ రాలకపోతే ఫ్లూక్స్ కూడా లేవని నమ్మవచ్చు.

రెండు వారాలూ సజావుగా గడిచి, అసలు ట్యాంకు 76 రోజులూ పూర్తయితే చేపలను తిరిగి వేయండి. నెమ్మదైనవాటిని ముందు, టాంగ్, డామ్సెల్ వంటి పోట్లాడేవాటిని ఆఖరున, దీపాలు ఆర్పి వేయండి. ఒక్కో జతకు మధ్య మూడు నాలుగు రోజులు ఆగితే ఇన్నాళ్లు తక్కువ తిండికి అలవాటైన ఫిల్టర్ కూడా తట్టుకుంటుంది. ఆ తరువాత చెన్నై నుంచో ముంబయి నుంచో ఏ కొత్త చేప వచ్చినా, దుకాణంలో ఎంత చురుకుగా కనపడినా, అది ముందు ఇదే టబ్బులోకి వెళ్లాలి. దానితో వచ్చిన సంచిలోని నీటిని మాత్రం ఏ ట్యాంకులోనూ పోయకుండా పారబోయండి.